అప్‌డేట్ అనంతరం బ్రౌజర్ స్తంభించిన పక్షంలో పాటించవలసిన జాగ్రత్తలు

కంప్యూటర్‌లో సిస్టమ్ అప్‌డేట్ పూర్తయిన వెంటనే బ్రౌజర్ స్తంభించినచో, దానిని తొలగించి మరల ఇన్‌స్టాల్ చేయుటకు తొందరపడరాదు. తొలగించు సమయంలో బ్రౌజింగ్ డేటాను కూడా తొలగించు గడిలో టిక్ పెట్టినట్లయితే, వేరొకచోట భద్రపరచని పాస్‌వర్డులు సైతం పోగలవు. దరఖాస్తుకు గడువు ముగియు రోజున ఇది చిన్న నష్టం కాదు.

2018 ఏప్రిల్ 30న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ అనంతరం కొన్ని కంప్యూటర్లు క్రోమ్ వాడుచుండగా స్తంభించినవి. మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ లోపాన్ని అంగీకరించి మే 8న సవరణ విడుదల చేసినది. అంతవరకు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కవలసినదిగా సూచించినది. ఈ మీటలు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మాత్రమే పునఃప్రారంభిస్తాయి. తెరచి ఉన్న ప్రోగ్రాములు సాధారణంగా మూతపడవు.

పేజీలను చిత్రించు పనిని బ్రౌజర్ గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది. అప్‌డేట్‌తో డ్రైవర్‌కు పొత్తు కుదరనప్పుడు ఇచ్చటనే చిక్కు ఏర్పడవచ్చును. క్రోమ్ సెట్టింగులలోని సిస్టమ్ విభాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌ను నిలిపివేసి, బ్రౌజర్‌ను మరల తెరచి పరిశీలించవలెను. ఇన్‌కాగ్నిటో విండోలో సక్రమంగా పనిచేసినచో ఎక్స్‌టెన్షన్లను అనుమానించవలసి ఉంటుంది. డ్రైవర్‌ను కంప్యూటర్ తయారీదారు వెబ్‌సైట్ నుండి మాత్రమే పొందుట మేలు.

స్తంభించిన తెరపై ఫోన్ చేయవలసినదిగా నంబరు కనిపించినచో అది అప్‌డేట్ లోపం కాదు, మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికలలో ఫోన్ నంబర్లు ఉండవు. ఇట్టి మోసంలో సొమ్ము పోగొట్టుకున్నవారు తక్షణమే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను.