మధ్యాహ్నం ఒంటిగంటకు ఏం తినాలి?

నాంపల్లి, అబిడ్స్, లక్డీకాపూల్ ప్రాంతాల ఆఫీసుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. బదిలీ మీదో, కొత్త ఉద్యోగం మీదో వచ్చినవాళ్లు మొదటి రోజు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?" నేను ఏదో ఒక హోటల్ పేరు చెప్పి పంపేవాణ్ణి. అది సరైన జవాబు కాదని మా సెక్షన్‌లో చేరిన ఒక కుర్రాడి వల్ల తెలిసింది.

పాలమూరు వైపు నుంచి వచ్చాడు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, జీతం రెండు మూడు నెలలకోసారి గాని చేతికందేది కాదు. నలుగురితో కలిసి ఒకే గదిలో ఉండేవాడు. మేమంతా డబ్బాలు విప్పే వేళకు "నేను తినేశా చాచా" అంటూ కిందికి దిగిపోయేవాడు. తినేది రెండు ఉస్మానియా బిస్కెట్లు, ఒక ఇరానీ చాయ్. సాయంత్రం ఆకలికి తాళలేక మిర్చి బజ్జీలు. ఒకరోజు ఫైళ్లు మోసుకొస్తూ మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. పరీక్ష చేయిస్తే రక్తం తక్కువగా ఉందన్నారు. ఇరవై నాలుగేళ్ల మగపిల్లవాడు! చేతిలో డబ్బు లేక పస్తుంటున్నాడనుకున్నాం. కూర్చోబెట్టి లెక్క వేయిస్తే, చాయ్‌కు, బిస్కెట్లకు, బజ్జీలకు రోజూ పెట్టే డబ్బుతో ఒక పూట కడుపునిండా మంచి తిండే వస్తుందని తేలింది.

మన మధ్యాహ్న భోజనంలో అన్నానికి లోటుండదు. లోటంతా పప్పుకు, కూరకు, పండుకు. ఈ సంగతి తెలిస్తే ఏ వీధిలోనైనా ఏం కొనాలో తెలిసిపోతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని చెప్పింది. హోటల్ పళ్లెంలో సగం కాదు, ముప్పాతిక అన్నమే ఉంటుంది. అదే సంస్థ లెక్కలో 65 కిలోల బరువున్న పురుషుడికి రోజుకు 54 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు చాలు. అన్నంలోనూ మాంసకృత్తులు కొన్ని ఉంటాయి గాని, పప్పు తోడైతేనే అవి శరీరానికి సరిగా పనికొస్తాయి. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటాయి. గుప్పెడు వేయించిన శనగల్లోనూ ఇంచుమించు అంతే. నీళ్ల సాంబారులో ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

అందరికంటే చవకగా పెట్టేది అయిదు రూపాయల భోజనం. హైదరాబాదులో నగరపాలక సంస్థ 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలుపెట్టింది. ఇప్పుడవి ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న ఆంధ్రప్రదేశ్‌లోని అన్న క్యాంటీన్లలోనూ ధర అయిదు రూపాయలే. అక్కడ వరుసలో నిలబడటం నామోషీ అని మనవాళ్లు కొందరు అనుకుంటారు. నేను ఎన్నోసార్లు తిన్నాను, వేడిగా, శుభ్రంగా ఉంటుంది. అయితే అన్నపూర్ణ పళ్లెం కొలత చూడండి: 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, కాస్త పచ్చడి. బండి దగ్గర ఉడికించిన గుడ్డు ఒకటి, అరటిపండు ఒకటి కొనుక్కుంటే ఆ పళ్లెంలో ఉన్న లోటు చాలావరకు తీరుతుంది. మా కుర్రాడికి మొదట నేర్పింది ఇదే.

రెండో దారి కర్రీ పాయింట్. గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్ ఉన్నవాళ్లకు ఇంతకంటే సులువు లేదు. అన్నం పొద్దున్నే వండి డబ్బాలో పెట్టుకుని, కూర మాత్రం ఇక్కడ కొనుక్కోవడం. ఏ కూర అన్నది ముఖ్యం. ఆలూ వేపుడు, గుత్తి వంకాయ చూడగానే నోరూరుతుంది గాని, ప్యాకెట్ అడుగున నూనె పేరుకుని ఉంటుంది. పాలకూర పప్పు, దోసకాయ పప్పు, సొరకాయ, బీరకాయ, బెండకాయ పులుసు తీసుకోవడం మేలు. నలుగురు ఉంటే నాలుగు రకాలు తెచ్చి పంచుకోవచ్చు. మా సెక్షన్‌లో అలాగే చేసేవాళ్లం. ఒకరు పప్పు, ఒకరు కూర, ఒకరు పెరుగు, ఒకరు కీరా, ఉల్లిగడ్డ. హిందువులు, ముస్లింలు అందరం ఒకే బల్ల మీద తినేవాళ్లం కాబట్టి పప్పు, కూర, గుడ్డుతో సరిపెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. హలాలా కాదా అన్న ప్రశ్న కూడా రాదు.

పార్సిల్ తెప్పించుకునే మహిళా ఉద్యోగులకు ఒక మాట. పొగలు కక్కే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోకండి. అటెండరు చేతికి స్టీలు డబ్బా ఇచ్చి పంపండి. ఇంటి నుంచి తెచ్చిన అన్నమైనా ఎండలో నిలిచిన స్కూటర్ డిక్కీలో వదిలేయకండి. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఇక బిర్యానీ. వద్దని చెప్పే ధైర్యం హైదరాబాదులో ఎవరికుంది? వారానికి ఒకసారి తినండి, సింగిల్ ఇద్దరు పంచుకోండి, మిర్చీ కా సాలన్ తగ్గించి పెరుగు చట్నీ ఎక్కువ వేసుకోండి. మన వంటల్లో బిర్యానీ కంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ బలమిచ్చేది దాల్చా. శనగపప్పు, సొరకాయ, చింతపండు పులుపు, ఉంటే నాలుగు బొక్క ముక్కలు. ఖట్టీ దాల్ కూడా అంతే. దాల్చా దొరికే చిన్న హోటళ్లలో బగారా అన్నం సగం తగ్గించి, దాల్చా ఇంకో గిన్నె వేయించుకునేవాణ్ణి. హోటల్ వాళ్లు మొదట నవ్వారు, తర్వాత అడగకుండానే పోసేవారు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ మధ్య రోడ్డు పక్క జొన్న రొట్టెల కోసం వెళ్తున్నారు. మంచిదే. పెనం మీద అప్పటికప్పుడు కాల్చి ఇస్తారు, నూనె ఉండదు. కాని నాలుగు రొట్టెలు తిని షుగర్ పెరిగిందని ఆశ్చర్యపోయిన మిత్రుణ్ణి చూశాను. జొన్నలోనూ పిండి పదార్థమే ఉంటుంది. రెండు రొట్టెలు, పెద్ద గిన్నె పప్పు, పచ్చి ఉల్లిగడ్డ చాలు.

బజ్జీ బండి సంగతి. నూనె నల్లబడి, చిక్కబడి, పొంగుతూ పొగలొస్తుంటే ఎన్నోసారో కాచారన్న మాట. అలా మరీ చెడిపోయిన నూనె వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది, బండి దగ్గరికొచ్చి కొలిచేదెవరు? మన కళ్లే కొలత. న్యూస్‌పేపర్లో కట్టిచ్చినా తీసుకోకండి, సిరా నూనెకు అంటుకుంటుంది.

చివరగా చాయ్. మా కుర్రాడికి రక్తం తగ్గడంలో దీని పాత్ర కూడా ఉండవచ్చని డాక్టరు చెప్పింది విని మేమంతా తెల్లబోయాం. భోజనంతోపాటుగాని, వెంటనేగాని చాయ్ తాగితే ఆకుకూర, పప్పుల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అదే పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, తర్వాత జామకాయ తింటే ఎక్కువ పడుతుంది. అందుకని జుహర్ నమాజు చదివి, భోంచేసి, చాయ్‌ను మూడున్నరకు జరిపేశాం. ఆఫీసు మొత్తానికీ అదే అలవాటైంది. చాయ్ తెచ్చే పిల్లవాడు మాత్రం కొన్నాళ్లు మా మీద అలిగాడు.

ఆ కుర్రాడికి డాక్టరు మూడు నెలలు మాత్రలు రాసిచ్చాడు. తిండీ మారింది. తర్వాత పరీక్షలో రక్తం పెరిగింది. ఇప్పుడు వేరే ఆఫీసులో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, కొత్తగా చేరినవాళ్లు భోజనం ఎక్కడ బాగుంటుందని అడుగుతున్నారు చాచా, వాళ్లను ముందు మార్కెట్‌కు తీసుకెళ్లి నిమ్మకాయలు కొనిపిస్తున్నా అన్నాడు.