కడుపు నిండినా తీరని ఆకలి

ఏప్రిల్ నెలాఖరులో పల్లెల్లో గేదెలను గమనించండి. పొట్ట బానలా ఉంటుంది. వెన్నుపూసలు, తుంటి ఎముకలు మాత్రం ఒక్కొక్కటిగా లెక్కపెట్టేలా బయటికి కనిపిస్తాయి. పగలంతా కోసిన చేలల్లో మోళ్లు మేసి వస్తాయి, రాత్రి గడ్డివాము పక్కనే ఉంటాయి. అయినా పాలు తగ్గిపోతాయి. "మేతకేం లోటు లేదండీ" అంటారు యజమానులు. వాళ్లు చెప్పేది నిజమే. గేదె ముందు గడ్డి ఉంది, గేదె కడుపులోనూ గడ్డి ఉంది. అది కరగడం లేదు, అంతే.

గడ్డిలోని సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమును ఆవు గానీ గేదె గానీ సొంతంగా తయారుచేసుకోలేవు. ఆ పని చేసిపెట్టేవి వాటి పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులు. నాలుగు గదుల జీర్ణాశయంలో మొదటిదీ, అన్నిటికన్నా పెద్దదీ రూమెన్. పెద్ద ఆవులో ఇది 100 లీటర్లకు పైగా పడుతుంది. ప్రాణవాయువు దాదాపు ఉండదు, 39 డిగ్రీల వెచ్చదనం ఎప్పుడూ ఉంటుంది. అందులోని ద్రవంలో ఒక్క మిల్లీలీటరుకు వెయ్యి కోట్ల దాకా బాక్టీరియా ఉంటుంది, ప్రోటోజోవా లక్షల్లో ఉంటుంది. ఇవి కాక శిలీంధ్రాలు కూడా ఉంటాయి. ప్రాణవాయువు లేని చోట మాత్రమే బతికే శిలీంధ్రాలు ఉంటాయని ఒకప్పుడు ఎవరూ అనుకోలేదు. గొర్రె రూమెన్‌లో తోకతో ఈదుతూ కనిపించే కణాలను ప్రోటోజోవా కిందే జమకట్టేవారు. అవి శిలీంధ్రాల బీజకణాలని 1975లో కోలిన్ ఆర్పిన్ చూపించాడు. గట్టి గడ్డిపోచలోకి వేళ్లలాంటి పోగులు దించి లోపలినుంచి చీల్చడం వీటి ప్రత్యేకత.

ఈ జీవులన్నీ గడ్డిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను విడుదల చేస్తాయి. పశువుకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. ఆ తర్వాత సూక్ష్మజీవులు కూడా కిందికి కొట్టుకుపోయి నాలుగో గదిలో జీర్ణమైపోతాయి. పశువుకు అందే మాంసకృత్తుల్లో పెద్ద భాగం ఇవే. పచ్చిగా చెప్పాలంటే గేదె తాను పెంచిన మందనే తాను తింటుంది.

ఆ మంద పెరగాలంటే దానికీ తిండి కావాలి, ముఖ్యంగా నత్రజని. మేత ఎండు బరువులో ప్రోటీన్ సుమారు 7 శాతం కంటే తగ్గితే సూక్ష్మజీవుల సంఖ్య పడిపోతుంది. వర్షాకాలపు లేత గడ్డిలో ఇది 10 శాతం దాటి ఉంటుంది. అదే గడ్డి పూత పట్టి, గింజ రాలి, ఎండిపోయేసరికి 4, 5 శాతానికి దిగిపోతుంది. వరిగడ్డిలో 3 నుంచి 4 శాతమే.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. రూమెన్ నుంచి బయటపడే దారి ఇరుకైనది. గడ్డి ముక్కలు నెమరులో నలిగి, సూక్ష్మజీవుల చేతిలో మెత్తబడి, దాదాపు ఒకటి రెండు మిల్లీమీటర్ల స్థాయికి రావాలి. అప్పుడే సులువుగా ముందుకు కదులుతాయి. లేత గడ్డి ఆ స్థితికి త్వరగా వస్తుంది. ముదురు గడ్డి రోజుల తరబడి లోపలే తిష్ట వేస్తుంది. పశువు రోజుకు ఎనిమిది గంటల దాకా నెమరు వేస్తుంది, అంతకు మించి పెద్దగా పెంచుకోలేదు. పాత మేత కదలకపోతే కొత్తదానికి చోటుండదు. అంటే పశువు మేత మానేస్తున్నది ఆకలి తీరి కాదు, పొట్టలో చోటు లేక. రైతుకు మాత్రం నిండిన పొట్టే కనబడుతుంది.

ఈ మాటకు చక్కని రుజువు 1962లో బ్రిటన్‌లో దొరికింది. కాంప్లింగ్, ఫ్రీర్, బాల్చ్ అనే ముగ్గురు పరిశోధకులు ఓట్ల గడ్డి తినే ఆవుల రూమెన్‌లోకి నేరుగా యూరియా ద్రావణాన్ని, దానితో కొంచెం చక్కెరను పంపారు. గడ్డి మార్చలేదు, ఆవులు మార్చలేదు. అయినా ఆవులు తినే గడ్డి దాదాపు 40 శాతం పెరిగింది. సూక్ష్మజీవులకు నత్రజని అందగానే లోపలి గడ్డి త్వరగా కరిగింది, ఖాళీ అయిన చోటుకు కొత్త గడ్డి వచ్చింది.

అలాగని నత్రజని ఒక్కటే నాణ్యత కాదు. మేతలో పీచు ఎంత అన్నదానికన్నా ఎలాంటి పీచు అన్నది ముఖ్యం. 19వ శతాబ్దంలో జర్మనీలో పుట్టిన పాత పరీక్ష పీచునంతటినీ ఒకే అంకెగా చూపేది, అందులోనూ కొంత జారిపోయేది. 1960లలో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో పీటర్ వాన్ సోయెస్ట్ మేతను డిటర్జెంట్ ద్రావణాల్లో ఉడికించే పద్ధతి కనిపెట్టాడు. మన ఇంట్లో సబ్బుపొడి చేసే పనిలాంటిదే: కరిగేది కరిగిపోతుంది, కణాల గోడలు మిగులుతాయి. ఆ గోడల్లో సెల్యులోజ్ ఎంత, దాన్ని సిమెంటులా పట్టుకునే లిగ్నిన్ ఎంత అని విడదీయడం అప్పటినుంచి వీలైంది. లిగ్నిన్‌ను రూమెన్ జీవులు ఏమీ చేయలేవు. పైరు ముదిరేకొద్దీ పెరిగేది అదే.

వరిగడ్డిది ఇంకో తకరారు. దానిలో ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ, అది కూడా ఆకులో మరీ ఎక్కువ. మామూలుగా ఏ మేతలోనైనా ఆకు మేలు, కాడ నాసి. వరిలో ఇది తారుమారు: కాడే కాస్త బాగా జీర్ణమవుతుంది. పంజాబ్‌లో గోధుమ పొట్టును పశువులకు వేసి, వరిగడ్డిని పొలంలోనే తగలబెట్టడానికి ఈ సిలికా కూడా ఒక కారణం. మనకు, బెంగాల్‌కు, ఒడిశాకు వరిగడ్డే ఆధారం.

మేసే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఆవు, గేదె నాలుకతో గడ్డిని చుట్టి లాగుతాయి, ఆకుతో పాటు కాడా వచ్చేస్తుంది. మేక మూతి సన్నం, పై పెదవి చురుకు. ముళ్ల మధ్యనుంచి ఒక్కో ఆకును ఏరుకుంటుంది. ఎండాకాలంలో ఒకే బీడులో ఆవు చిక్కిపోతుంటే మేక నిగనిగలాడడం వెనుక రహస్యం ఈ ఏరుకోవడంలోనే ఉంది. కాపరులు తుమ్మకాయలు రాల్చి మేకలకు, గొర్రెలకు వేయడం కూడా గింజల్లోని ప్రోటీన్ వల్ల పనికొచ్చే అలవాటే.

కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకు దీనికి పాత మందు తెలుసు. వరి కోతకు కొద్ది రోజుల ముందే చేలో జనుము, పిల్లిపెసర చల్లేవారు. మిగిలిన తేమతో అవి ఎదిగేవి. ఎండు గడ్డితో కలిపి కాస్త పచ్చిమేత పడేసరికి నత్రజని లోటు తీరేది. తర్వాత మినుము, మొక్కజొన్న ఆ చేలల్లోకి ఎక్కువగా వచ్చాయి. ఆదాయం దృష్టిలో రైతును తప్పుపట్టలేం, కానీ గేదె కోల్పోయిందేమిటో లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ.

శాస్త్రవేత్తలు సూచించే మరో దారి యూరియాతో గడ్డిని మాగబెట్టడం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచుతారు. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా పీచును వదులు చేస్తుంది, నత్రజనినీ పెంచుతుంది. పద్ధతి పనిచేస్తుంది, కానీ ఊళ్లలో పెద్దగా పాకలేదు. కూలి కావాలి, నీళ్లు కావాలి, పట్టా కావాలి, పాలు తగ్గిన గేదె మీద ముందుగా డబ్బు పెట్టాలి. పైగా ఇది జాగ్రత్తగా చేయాల్సిన పని. కరగని యూరియా గానీ, యూరియా కలిపిన కుడితి గానీ ఒక్కసారిగా పొట్టలోకి వెళితే పశువు గంటల్లోనే చనిపోవచ్చు. దూడలకు, గుర్రాలకు, పందులకు ఇది పెట్టనే కూడదు.

అంతకన్నా తేలికైన లెక్క ఒకటుంది. రోజుకు 8 కిలోల వరిగడ్డి తినే గేదెకు అందులో దొరికే ప్రోటీన్ 320 గ్రాములు. దానికి సుమారు 650 గ్రాముల వేరుశనగ చెక్క తోడైతే మొత్తం మేత 7 శాతం గీత దగ్గరికి వస్తుంది. ఇది పాలకు సరిపోయే మోతాదు కాదు, లోపలి సూక్ష్మజీవులను పనిలో పెట్టే కనీసం మాత్రమే. పాలిచ్చే గేదెకు ఇంకా కావాలి. చెక్క కొనలేనివారికి గట్ల మీద అవిశ, సుబాబుల్ కొమ్మలున్నా కొంత ఆసరాయే, సుబాబుల్ మితంగా ఉండాలి.

మార్పు వచ్చిందో లేదో చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పేడ చూస్తే చాలు. నత్రజని లేని మేత మీద బతికే పశువు పేడ గట్టిగా, పొరలు పొరలుగా కుప్ప పడుతుంది. కర్రతో విడదీస్తే పొడుగు పొడుగు గడ్డి పోగులు అలాగే కనబడతాయి. పచ్చిమేతో చెక్కో మొదలుపెట్టిన కొద్ది రోజులకు పేడ మెత్తబడుతుంది, పోగులు పొట్టివవుతాయి. గడ్డివాము కూడా ఇదివరకటికన్నా తొందరగా తరిగిపోతుంటుంది.