మనిషికింతా, గదికింతా? ఒంటరి ప్రయాణికురాలి గాల్వెస్టన్ లెక్కలు

ఓడ ఎక్కేది రేపైతే ఇవాళే వెళ్లి హోటల్లో దిగడం దండగ అనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన అంకె 60. అమెరికా రేవు వదిలే ప్రయాణికుల ఓడ, తనలో ఎవరెవరున్నారో ఆ జాబితాను బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందే కస్టమ్స్ శాఖకు పంపాలి. అందుకే క్రూజ్ కంపెనీలు గంట, గంటన్నర ముందే చెకిన్ మూసేస్తాయి. నాలుగింటి ఓడకు మూడుంపావుకి చేరితే ఓడ కళ్లెదుటే ఉంటుంది, ఎక్కనివ్వరు. ఇద్దరు వెళ్తే ఒకరు కారు పార్క్ చేసి వచ్చేలోపు రెండోవాళ్లు పెట్టెలతో వరసలో నిలబడతారు. ఒక్కతే వెళ్లే ఆడమనిషికి ఆ వెసులుబాటు లేదు. టైరు పంక్చరైనా, విమానం ఆలస్యమైనా తనే చూసుకోవాలి. కాబట్టి ముందు రోజే చేరుకోవడం ఆమెకు బీమా లాంటిది. ఆ బీమా ఒక ద్వీపంలో దొరికితే ఇంకేం కావాలి?

టెక్సస్‌లోని గాల్వెస్టన్ అలాంటి ద్వీపం. దాదాపు 27 మైళ్ల పొడవు, మహా అయితే మూడు మైళ్ల వెడల్పు, 50 వేల పైచిలుకు జనం. ఇక్కడి నుంచి క్రూజ్‌లు 2000లో మొదలయ్యాయి. ఇప్పుడిది అమెరికాలో నాలుగో పెద్ద క్రూజ్ రేవు. రాయల్ కరీబియన్ కంపెనీ పదో నంబరు టెర్మినల్ ఒక్కదానికే 12.5 కోట్ల డాలర్లయ్యాయి, 2022 నవంబరులో తెరిచారు. డాలస్‌లో మొదలైన ఐ-45 హైవే 285 మైళ్లు వచ్చి ఈ ద్వీపంలోనే ఆగిపోతుంది. ఫ్రిస్కో, ప్లానోల్లోని తెలుగువాళ్లకు దారి వెతుక్కునే పనే లేదు. కేటీ, షుగర్‌ల్యాండ్ వాళ్లకైతే గంట, గంటన్నర. విమానంలో వచ్చేవాళ్లకు హ్యూస్టన్ హాబీ విమానాశ్రయం 40 మైళ్లు, అక్కడి పెద్ద విమానాశ్రయం 70 మైళ్లు. టికెట్టు పది డాలర్లు ఎక్కువైనా హాబీకే కొనుక్కోండి.

ఇక డబ్బు సంగతి. ఒంటరి ప్రయాణంలో ప్రతి బిల్లునూ ఒక్క ప్రశ్న అడగాలి: ఇది మనిషికింతా, గదికింతా? ఓడలో గదిని ఇద్దరి లెక్కన అమ్ముతారు. ప్రకటనలో కనిపించే ధర ‘ఇద్దరుంటే ఒక్కొక్కరికి’. ఒక్కరే దిగితే ఖాళీ మంచం ఛార్జీ కూడా మన మీదే పడుతుంది. దీన్నే సింగిల్ సప్లిమెంట్ అంటారు, చాలా ఓడల్లో అది నూటికి నూరు శాతం. అయినా ‘ఒంటరికి డబుల్’ అనే మాట పూర్తిగా నిజం కాదు. రేవు పన్నులు, ఫీజులు, సిబ్బంది టిప్పు మనిషికింతే. ఏడు రాత్రుల ప్రయాణానికి టికెట్టు 700 డాలర్లు, పన్నులు 150, టిప్పు రోజుకి 18 చొప్పున 126 అని ఉజ్జాయింపుగా వేసుకుందాం. జంటగా వెళ్తే తలకి 976. ఒంటరిగా వెళ్తే 1,400, 150, 126 కలిపి 1,676. అంటే 1.7 రెట్లు. టికెట్టు చౌకయ్యేకొద్దీ పన్నులు, టిప్పుల వాటా పెరిగి ఈ గుణకం తగ్గుతుంది. బాల్కనీ గదికి వెళ్తే రెండుకి దగ్గరవుతుంది. ఒక్కరి కోసమే కట్టిన గదులూ కొన్ని ఓడల్లో ఉన్నాయి. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్‌లో అలాంటివి 128 పెట్టారు, ఒక్కోటి సుమారు వంద చదరపుటడుగులు. కిటికీ కావాలనుకునేవాళ్లకు అవి నచ్చవు.

ద్వీపంలో హోటల్ కూడా గదికింతే, అక్కడ మనకు ఒరిగేదేం లేదు. పైగా రాష్ట్రానికి 6, ఊరికి 9, మొత్తం 15 శాతం పన్ను. 140 డాలర్ల గది 161 అవుతుంది. శుక్ర, శనివారాల్లో రేట్లు పెరుగుతాయి కాబట్టి వారం మధ్యలో కదిలే ఓడ దొరికితే ముందు రాత్రి గది చౌకగా వస్తుంది. పార్కింగ్ బండికింత. ఏడు రాత్రుల ప్రయాణమంటే ఎనిమిది రోజుల పార్కింగ్, రోజుకి 20 వేసుకున్నా 160 డాలర్లు, పంచుకునేవాళ్లు లేరు. విమానాశ్రయం నుంచి ఉబర్ కూడా బండికింతే, షటిల్ వ్యాను మాత్రం మనిషికింత. ముగ్గురుంటే ఉబర్, ఒక్కరైతే షటిల్.

గది ఎక్కడ తీసుకోవాలన్నది వీధి నంబర్లే చెప్పేస్తాయి. తూర్పు నుంచి పడమరకు వీధులకు నంబర్లు, రేవు నుంచి సముద్రం దాకా అవెన్యూలకు అక్షరాలు. 25వ వీధికి ఒక కొసన 25వ నంబరు క్రూజ్ టెర్మినల్ ఉంటే, రెండో కొసన సముద్రంలోకి 1,130 అడుగులు చొచ్చుకుపోయిన ప్లెజర్ పియర్ ఉంది. మధ్యలో రెండు కిలోమీటర్ల పైచిలుకు. రేవు వైపు స్ట్రాండ్ వీధిలో దిగితే చుట్టూ 19వ శతాబ్దపు మేడలు, పొద్దున్నే చక్రాల పెట్టె లాక్కుంటూ 25వ టెర్మినల్‌కి నడిచి వెళ్లచ్చు. ఓడ పదో టెర్మినల్ నుంచి అయితే మధ్యలో పదిహేను వీధులున్నాయి, బండి మాట్లాడుకోవాల్సిందే. ఉన్న ఒక్క రాత్రికీ నా ఓటు సముద్రం వైపుకే. చీకటి పడ్డాక ఒక్కతే నడవాలనిపిస్తే దీపాలూ జనమూ ఉండే చోటు సీవాల్ అనే సముద్రపు గోడ మీదే.

ఆ గోడకి పెద్ద కథే ఉంది. 1900 సెప్టెంబరు 8న తుపాను వచ్చినప్పుడు ద్వీపంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు 8.7 అడుగులు, ఉప్పెన 15 అడుగులు దాటింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 6 వేలు, ఎక్కువమంది చెప్పే లెక్క 8 వేలు. అమెరికా చరిత్రలో ఇంతమందిని పొట్టనబెట్టుకున్న తుపాను మరొకటి లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన కోస్తావాళ్లకు ఈ అంకెల అర్థం వివరించనక్కర్లేదు. 1902లో మొదలుపెట్టి 1904 కల్లా 17 అడుగుల ఎత్తున మొదటి మూడు మైళ్ల పైచిలుకు గోడ కట్టారు, ఇప్పుడది పది మైళ్లు. గోడ ఒక్కటే చాలదని ఊరినే పైకి లేపారు. 2 వేలకు పైగా కట్టడాలను జాకీలతో ఎత్తి, కింద ఇసుక నింపారు. 3 వేల టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలు పెట్టి ఐదడుగులు లేపారు. ఇసుకలోకి దిగి గోడ ముఖం చూడండి, లోపలికి వంపు తిరిగి ఉంటుంది. వచ్చి కొట్టిన అల పైకి లేచి మళ్లీ సముద్రంలోనే పడేలా అలా పోశారు.

ద్వీపంలో అన్నిటికన్నా మంచి బేరం తూర్పు కొసన ఉంది. బొలివర్ ద్వీపకల్పానికి వెళ్లే ఫెర్రీని రాష్ట్ర రవాణా శాఖ నడుపుతుంది. కారుకైనా, నడిచి ఎక్కేవాళ్లకైనా టికెట్టు సున్నా. 2.7 మైళ్లు, 18 నిమిషాలు. పై డెక్కు మీదకెళ్లి రెయిలింగు పట్టుకుని నిలబడితే సీగల్స్ ఓడ వెంటే వస్తాయి, డాల్ఫిన్ వీపు తరచూ కనిపిస్తుంది. హ్యూస్టన్ రేవుకి పోయే చమురు ఓడలు పక్కనుంచే దాటుతాయి. దూరంగా నీళ్లలో బూడిదరంగు శిథిలం ఒకటి కనిపిస్తుంది, అది సెల్మా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉక్కు కరువై కాంక్రీటుతో కట్టించిన ఓడ. 1919లో నీళ్లలోకి దిగింది, 1922 నుంచీ అక్కడే కూరుకుని ఉంది. రానూ పోనూ గంటలో తేలిపోయే ఈ షికారు కోసం డబ్బు కట్టే డాల్ఫిన్ టూరుని మానుకోవచ్చు.

సముద్రం నీలంగా ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మిసిసిపీ నది తెచ్చే ఒండ్రు తీరం వెంట పడమరకు కొట్టుకొస్తుంది, అందుకే నీళ్లు ఎక్కువ రోజులు గోధుమరంగులోనే ఉంటాయి. నీలం చూడ్డానికి ఎలాగూ రెండు రోజుల్లో ఓడ మీద మెక్సికోలోని కోసుమెల్ వెళ్తున్నారు కదా. దిగేముందు జెండా చూడండి: పచ్చ అంటే ప్రశాంతం, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ప్రమాదం, ఊదా అంటే జెల్లీఫిష్ వంటివి ఉన్నాయని. గట్టు నుంచి నీళ్లలోకి రాళ్లు పేర్చిన చోట్ల లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఒక్కతే ఈదేటప్పుడు లైఫ్‌గార్డు గోపురం ముందు తప్ప ఎక్కడా వద్దు.

మనవాళ్లు తరచూ చిక్కుకునేది కాగితాల దగ్గర. బయల్దేరిన అమెరికా రేవుకే తిరిగొచ్చే ప్రయాణమైతే అమెరికా పౌరులకు జనన ధ్రువీకరణ పత్రం, ఫొటో గుర్తింపు కార్డు చాలు. కానీ ఓడ తప్పిపోతే విమానంలో కోసుమెల్ వెళ్లి ఎక్కడానికి పాస్‌పోర్టు కావాలి. హెచ్-1బి మీద ఉండి పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరినవాళ్లకు 30 రోజుల లోపు మెక్సికో, కెనడా వెళ్లొచ్చే వెసులుబాటు ఒకటుంది, చెల్లే ఐ-94 ఉండాలి. అది ఆ రెండు దేశాలకే. గాల్వెస్టన్ ఓడలు చాలా వరకు హోండురస్‌లోని రొవాటాన్‌కో, బెలీజ్‌కో, జమైకాకో కూడా వెళ్తాయి. టికెట్టు కొనకముందే రేవుల పేర్లు చదివి, లాయర్ని ఒక మాట అడగండి.

చలికాలంలో ఇంకో చిక్కు ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా పొగమంచు పట్టిన పొద్దుల్లో రేవు కాలువ మూసేస్తారు, ఓడ సముద్రంలోనే గంటలకొద్దీ ఆగిపోతుంది. చెకిన్ సమయం మారిందని కంపెనీ ఫోన్‌కి మెసేజ్ పెడుతుంది కాబట్టి బుకింగ్‌లో మీ అమెరికా నంబరే ఇవ్వండి. హోటల్ గది 11 గంటలకల్లా ఖాళీ చేయమంటారు. పెట్టెలు సాయంత్రం దాకా రిసెప్షన్లో ఉంచుకుంటారో లేదో దిగిన రోజే అడిగి పెట్టుకుంటే, మంచు విడేదాకా పాస్‌పోర్టూ పర్సూ ఉన్న చేతిసంచి ఒక్కటే మోసుకుంటూ స్ట్రాండ్‌లో తిరగచ్చు.