విదేశీ విద్యలో మనుషులను గూర్చిన పాఠాలు

విదేశీ చదువు అనగానే మనకు కంప్యూటరు కోర్సులే గుర్తుకు వస్తాయి. చరిత్ర, సమాజ శాస్త్రం చదువుతామని బిడ్డలంటే "ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతాము. అది తప్పు ప్రశ్న కాదు. చేసిన అప్పు తీర్చవలసింది మనమే గదా!

అయినా ఒక విద్యార్థిని జ్ఞాపకం చేసుకుందాము. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో అంబేద్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ముఖ్య విషయం అర్థశాస్త్రమైనా చరిత్ర, సమాజ శాస్త్రం, తత్వశాస్త్రం, మానవ శాస్త్రం కూడా చదివారు. 1915లో ఎం.ఏ. పట్టా పొందారు. 1916 మే 9న మానవ శాస్త్ర సదస్సులో భారతదేశపు కులాల పుట్టుకను గూర్చి పత్రం చదివారు. బడిలో తనను వేరుగా కూర్చోబెట్టిన వ్యవస్థనే ఆయన అక్కడ పరిశోధనా విషయంగా చేసుకున్నారు.

నేడు అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలలో ఇంజనీరింగు డిగ్రీ విద్యార్థులు సహితం ఇటువంటి కోర్సులు కొన్ని చదవాలి. "పాసైతే చాలు" అని వాటిని తీసిపారేయవద్దని మన పిల్లలకు చెబుదాము. వీటినే ముఖ్య విషయంగా కోరే బిడ్డ ఉంటే ఫీజు, విద్యార్థి వేతనం, చదువయ్యాక పని అనుమతి వివరాలు ముందే తెలుసుకుందాము. లెక్క చూసుకుందాము గాని, వినకముందే వద్దనకుందుము గాక!