టైరు రాపిడి - సస్పెన్షన్ దోషనిర్ణయం: కర్నూలు, కడప ప్రాంతాల పాత కార్ల నేపథ్యంలో ఒక వివరణ

సారాంశం

పాత కారులో టైరు రాసుకోవడం స్వతంత్రమైన దోషం కాదు. చక్రాన్ని దాని చోట నిలిపి ఉంచే భాగాలలో ఏదో ఒకటి తన పని మానుకొన్నదనడానికి, లేదా ఆ చోటుకు తగని చక్రాన్ని అమర్చారనడానికి అది సూచన. రాపిడి ఎక్కడ, ఎప్పుడు, ఎంత బరువుతో జరుగుతోందో గుర్తించి కారణాన్ని చేరుకొనే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. మరమ్మతు వ్యవహారంలో వినిపించే తెలుగు క్రియాపదాలు ఈ దోషనిర్ణయానికి ఎలా తోడ్పడతాయో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టైరు రాపిడి, అరుగుదల, సస్పెన్షన్, కమాను, వృత్తిపదజాలం, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

స్పోర్ట్స్ కారు నిర్మాణంలో నేలకూ బండికీ మధ్య ఎత్తు తక్కువ, టైరు వెడల్పు ఎక్కువ. అందువల్ల చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మిగిలే ఎడం స్వల్పం. కర్నూలు, కడప ప్రాంతాల రోడ్లపై అసలైన స్పోర్ట్స్ కార్లు అరుదు. అయితే పాత చిన్నకారుకు వెడల్పు టైర్లు వేసి, స్ప్రింగులు తగ్గించి దానికి ఆ రూపం తేవడం యువకులలో కనిపించే అభిరుచి. 1983 డిసెంబరులో విడుదలై మూడు దశాబ్దాలు తయారైన మారుతి 800 వంటి కార్లు ఇందుకు అనువుగా దొరుకుతాయి. అప్పుడు స్పోర్ట్స్ కారుకు ఉండే ఇరుకు ఈ కారుకూ వస్తుంది. ఆ ఇరుకును తట్టుకొనే సస్పెన్షన్ మాత్రం రాదు.

ఇక్కడి సమస్య ఖర్చుకు మాత్రమే సంబంధించినది కాదు. రాపిడివల్ల పక్కగోడ పలచబడిన టైరు కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వెళ్ళే 40వ జాతీయ రహదారిపై, వేసవి మధ్యాహ్నంలో, నిండు బరువుతో, వేగంగా తిరుగుతుంది. ఆ స్థితిలో టైరు పగలడం ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి దోషనిర్ణయంలో జరిగే పొరపాటు చిన్నది కాదు.

2. క్రియాపదాల భేదం

తెలుగులో వృత్తిపదజాల సేకరణకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం పునాది వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో దాని మొదటి సంపుటం 1962లో వెలువడింది. మోటారు మరమ్మతు ఆ తరువాతి కాలంలో ఊరూరా విస్తరించిన వృత్తి. ఇందులో వస్తువుల పేర్లు చాలావరకు ఆంగ్లం నుంచి వచ్చినవే: బుష్, బేరింగు, షాకబ్జర్, అలైన్‌మెంట్. ఆకు స్ప్రింగులకు వాడే ‘కమాను’ పారసీ మూలంగల మాట. విల్లు అని దాని అర్థం. జరుగుతున్న దోషాన్ని చెప్పే క్రియలు మాత్రం తెలుగువే: అరగడం, రాసుకోవడం, కొట్టుకోవడం, తినడం, లాగడం.

ఈ క్రియలు పర్యాయపదాలు కావు. ‘టైరు అరిగింది’ అనేది అకర్మక వాక్యం. అందులో కర్త పాత్ర లేదు. కాలక్రమంలో సహజంగా జరిగిన క్షయం మాత్రమే ఉంది. ‘టైరు రాసుకుంటోంది’ అన్నప్పుడు ‘కొను’ అనే అనుబంధ క్రియ మరొక తలం ఉనికిని స్ఫురింపజేస్తుంది. దేనికి రాసుకుంటోందన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ‘కొట్టుకుంటోంది’ అంటే తాకిడి నిరంతరం కాదు, ఆగి ఆగి చప్పుడుతో జరుగుతోందని. ‘బండి టైర్లను తింటోంది’ అన్నప్పుడు కర్తృత్వం బండికి మారుతుంది. నష్టం టైరుది, దోషం బండిది అని ఆ వాక్యనిర్మాణమే చెబుతుంది. ఫిర్యాదు ఏ క్రియతో వచ్చిందో శ్రద్ధగా వినడం దోషనిర్ణయంలో తొలి మెట్టు.

3. కొలతల లెక్క

రాపిడి ఫిర్యాదు వచ్చినప్పుడు పనిముట్లు పట్టకముందే టైరు పక్కగోడపై ఉన్న అంకెలను చదవాలి. మారుతి 800కు వచ్చిన 145/70 ఆర్12 టైరును ఉదాహరణగా తీసుకోవచ్చు. 145 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 70 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, అంటే 101.5 మి.మీ. 12 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసం, అంటే 304.8 మి.మీ. రిమ్ముకు రెండు పక్కగోడలను కలిపితే టైరు మొత్తం వ్యాసం 507.8 మి.మీ.

దీని స్థానంలో 165/65 ఆర్13 టైరు వేస్తే వ్యాసం 544.7 మి.మీ. అవుతుంది. చక్రం మధ్యబిందువు నుంచి చూస్తే టైరు అంచు అన్ని వైపులకూ 18 మి.మీ.కు పైగా ముందుకు వస్తుంది. వెడల్పు 20 మి.మీ. పెరుగుతుంది, రిమ్ము అమరిక మారకపోతే లోపలికి 10, బయటికి 10. రిమ్ము అమరిక కూడా మారితే ఆ పెరుగుదల అంతా ఒకే వైపుకు చేరవచ్చు. వేగసూచి కూడా తప్పు చూపుతుంది: అది 60 కిలోమీటర్లని చెప్పినప్పుడు అసలు వేగం 64 దాటుతుంది. ఇటువంటి కారులో సస్పెన్షన్ భాగాలన్నీ కొత్తవైనా రాపిడి తప్పకపోవచ్చు. కారణం అరుగుదల కాదు, ఎంపిక.

కొలతలు సరిగా ఉండి, గతంలో లేని రాపిడి కొత్తగా మొదలైతే విషయం వేరు. అప్పుడు చక్రం స్థానం మారిందని గ్రహించాలి.

4. ఎక్కడ, ఎప్పుడు

రాపిడి తన గుర్తును రెండు చోట్ల వదులుతుంది. టైరుపై నున్నగా మెరిసే వలయం ఒకటి; ఎదుటి తలంపై రంగు లేచిన గీత మరొకటి. రెండూ సరిపోలితేనే స్థానం నిర్ధారణ అవుతుంది. గుర్తు స్పష్టంగా లేకపోతే అనుమానం ఉన్న చోట సుద్దముక్కతో రుద్ది కొంతదూరం నడిపి చూడాలి. సుద్ద చెరిగిన చోటే రాపిడి స్థానం. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి నేలల్లో తిరిగిన బండికి ముందుగా మడ్‌గార్డు లోపలి భాగాన్ని కడగాలి. అక్కడ ఎండి గట్టిపడిన మట్టిపెళ్ళకు టైరు రాసుకోవడం కూడా జరుగుతుంది.

సమయం మరింత కీలకం. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే, అదీ నెమ్మదిగా వెళ్ళేటప్పుడు రాసుకుంటే, టైరు లోపలి అంచు సస్పెన్షన్ చేతినో, మడ్‌గార్డు వెనుక భాగాన్నో తాకుతోందని అర్థం. గుంతలో పడినప్పుడు మాత్రమే తగిలితే స్ప్రింగు కూరుకుపోవడాన్ని, షాకబ్జర్ బలహీనతను అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడే చప్పుడు వస్తే కింది చేతి బుష్ అరిగి చక్రం వెనక్కి జరుగుతోందేమో చూడాలి. దారి ఎలా ఉన్నా ఎడతెగకుండా రాసుకుంటుంటే ఏదో ఒక భాగం వంగిందని, లేదా విరిగిందని భావించవచ్చు.

కడప నుంచి నలుగురితో రాయచోటి వైపు బయలుదేరిన కారును ఊహించుకొంటే సమయప్రాధాన్యం తేటతెల్లమవుతుంది. గువ్వలచెరువు ఘాట్‌లో కారు ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడివైపుకు ఒరుగుతుంది. కుడి వెనుక స్ప్రింగు అణిగి, టైరు మడ్‌గార్డు అంచును తాకుతుంది. అదే కారును ఒక్క డ్రైవరు కడప వీధుల్లో నడిపితే ఏ చప్పుడూ రాదు. మెకానిక్ ఒంటరిగా నడిపి దోషం లేదని తేల్చితే అది అతని నిర్లక్ష్యం కాకపోవచ్చు. దోషం బయటపడే పరిస్థితిని పరీక్షలో కల్పించకపోవడమే కారణం. అందువల్ల బండిలో ఎందరున్నారు, ఎటు తిరిగినప్పుడు, ఎంత వేగంలో అనే మూడు వివరాలను యజమాని చెప్పాలి, మెకానిక్ అడగాలి.

5. టైరు ముఖంపై గుర్తులు

నేలను తాకే ముఖంపై అరుగుదల తీరు మరొక సాక్ష్యం. రెండు అంచులూ అరిగి మధ్యభాగం నిలిస్తే గాలి తక్కువగా నడిచిందని, మధ్యభాగం మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని అర్థం. ఒకే అంచు నున్నగా అరిగితే చక్రం నిలువుగా నిలవక లోపలికో, బయటికో వాలిందని గ్రహించాలి. టైరు ముఖాన్ని అరచేతితో అడ్డంగా నిమిరినప్పుడు ఒక దిశలో నునుపుగా, ఎదురు దిశలో రంపపు పళ్ళలా తగిలితే చక్రాలు సమాంతరంగా లేవు. ముందుకొనలు మితిమీరి దగ్గరైతే బయటి అంచులు, ఎడమైతే లోపలి అంచులు అరుగుతాయి. తీగలు బయటపడిన టైరుపై ఈ నిమిరే పరీక్ష చేయరాదు, చేతికి గాయమవుతుంది. అక్కడక్కడా గుంటలు పడి అరగడం షాకబ్జర్ పట్టు తప్పినదానికి లేదా చక్రం సమతూకం లేనిదానికి గుర్తు.

6. పరీక్షాక్రమం

మొదట చదునైన నేలపై బండిని నిలిపి, చక్రం మధ్యబిందువు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా ఎత్తు కొలవాలి. కుడిఎడమలలో స్పష్టమైన తేడా ఉంటే తక్కువ వైపు స్ప్రింగు అణిగినట్లో, విరిగినట్లో అనుమానించాలి. జీపుల వంటి కమాను బండ్లలో ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని ఇరువైపులా కొలవడం అవసరం. కమాను కట్ట మధ్యబోల్టు తెగితే ఇరుసు ఒకవైపు వెనక్కి జరుగుతుంది. అప్పుడు రాపిడి వెనుక చక్రం దగ్గర కనిపించినా మూలం కమానులో ఉంటుంది.

తరువాత ఒక్కొక్క మూలను బలంగా అదిమి వదలాలి. ఒకటి రెండు ఊపులలో నిలవకుండా ఊగుతూనే ఉంటే షాకబ్జర్ పోయినట్లే. ఊగకపోయినంత మాత్రాన అది బాగున్నదని చెప్పలేము. బిగుసుకుపోయిన షాకబ్జర్ కూడా ఊగదు. నూనె చెమర్చిందేమో చూడాలి.

ఆపైన జాకీతో చక్రం లేపాలి. జాకీ ఒక్కదానినే నమ్మకుండా దృఢమైన స్టాండు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డు వేయాలి. గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల చక్రాన్ని పట్టి ఊపితే బేరింగు లేదా బాల్ జాయింటు వదులు తెలుస్తుంది. 9, 3 చోట్ల పట్టి ఊపితే స్టీరింగు కడ్డీల కీళ్ళ వదులు తెలుస్తుంది. మరొకరు బ్రేకు తొక్కి పట్టుకొన్నప్పుడు ఆ వదులు మాయమైతే దోషం బేరింగుదని, అలాగే ఉంటే కీళ్ళదని స్థూలంగా చెప్పవచ్చు. చక్రాల అలైన్‌మెంట్ వీటన్నిటి తరువాతి పని. అరిగిన బుష్‌లతో, వదులైన కీళ్ళతో చేసిన అలైన్‌మెంట్ మొదటి గుంత దగ్గరే చెదిరిపోతుంది.

ఈ క్రమాన్ని దాటవేసి మడ్‌గార్డు అంచును లోపలికి మడవడం, స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించడం తరచు జరిగే ఉపాయాలు. వీటితో చప్పుడు ఆగవచ్చు. స్ప్రింగు అణిగిన కారణం, బుష్ అరిగిన స్థితి అలాగే ఉంటాయి. చప్పుడు ఆగడంతో యజమానికి అందుతున్న హెచ్చరిక కూడా ఆగిపోతుంది.

7. ఎండ, గాలి, రేగడి

రాయలసీమ వాతావరణం ఈ దోషాలకు తనవంతు చేర్పు చేస్తుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే రేగడి నేలపై వేసిన రోడ్డు అలలు తేరుతుంది. ఆ అలలపై షాకబ్జర్‌కు విశ్రాంతి ఉండదు. ఎండ తీవ్రతకు రబ్బరు బుష్‌లు గట్టిపడి పగుళ్ళిస్తాయి.

గాలి పీడనాన్ని బండి నడవకముందు, చల్లని వేళ చూడాలి. 27 డిగ్రీల వద్ద 30 పీఎస్ఐ నింపిన టైరులోని గాలి 50 డిగ్రీలకు వేడెక్కితే పీడనం సుమారు 33కు చేరుతుంది. గాలి ఎక్కువైందని భావించి మధ్యాహ్నం దానిని 30కి దించితే మరునాటి ఉదయానికి 27 మాత్రమే మిగులుతుంది. గాలి తగ్గిన టైరు పక్కగోడ ఎక్కువగా వంగుతుంది, ఎక్కువగా వేడెక్కుతుంది, ఇరుకు చోట సులువుగా రాసుకుంటుంది. రాపిడితో లోపలి దారాలు కనబడినా, పక్కగోడ బుడిపెలా ఉబ్బినా ఆ టైరు మరమ్మతుకు అర్హం కాదు, వెంటనే మార్చవలసిందే. అరుగుదల సూచిక 1.6 మి.మీ. వద్ద ఉంటుంది. పాత కారులో టైరు వయసు కూడా చూడాలి. పక్కగోడపై 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైనదని అర్థం.

8. ముగింపు

రాపిడి స్థానం, సమయం, బరువు అనే మూడు ఆధారాలు. కొలతలు, ఎత్తు, ఊపు, వదులు, చివర అలైన్‌మెంట్ అనే పరీక్షాక్రమం: పాత కారు దోషనిర్ణయానికి ఇవి ప్రాతిపదికలు. వీటిలో చాలావాటికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. టేపు, సుద్దముక్క, జాకీ, స్టాండు, ఓపిక చాలు.

భాషాపరంగా ఒక విషయం గమనార్హం. ‘టైరు అరిగింది’ అనే వాక్యం కొత్త టైరు కొనిపిస్తుంది. ‘బండి టైరును తింటోంది’ అనే వాక్యం బండి కిందికి వంగి చూసేలా చేస్తుంది. భాగాల పేర్లు ఆంగ్లంలో ఉన్నా, కారణాన్ని వెదికే ఆలోచన తెలుగు క్రియల్లో సజీవంగా ఉంది. మోటారు మరమ్మతు పదజాలాన్ని సేకరించేవారు నామవాచకాల పట్టికతో ఆగకుండా ఈ క్రియలనూ, అవి వాడే సందర్భాలనూ నమోదు చేస్తే, ఆ కృషి నిఘంటువుకు చేర్పు కావడంతో పాటు తెలుగు మాధ్యమంలో ఈ వృత్తిని నేర్చుకొనే విద్యార్థికి పాఠం కూడా అవుతుంది.