స్కీమ్ డబ్బు ఎప్పుడివ్వాలి: బిల్లు కొట్టినప్పుడా, బాకీ వసూలైనప్పుడా?

ఇవాళ్టి టాపిక్ వినడానికి చిన్నదే. కానీ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు చిన్న యూనిట్లు నడిపేవాళ్లకి "ఏడాదంతా సేల్స్ బానే ఉన్నాయి, మరి లాభం ఎటు పోయింది?" అన్న ప్రశ్నకి ఒక జవాబు ఇందులో ఉంది. అదేంటంటే కస్టమర్‌కి మనం వెనక్కి ఇచ్చే రిబేట్.

మన దగ్గర దీన్ని రిబేట్ అని అనేవాళ్లు తక్కువ. స్కీమ్ అంటారు, లేదా టీఓడీ అంటారు, అంటే టర్నోవర్ డిస్కౌంట్. "మూడు నెలల్లో 50 లక్షల సరుకు ఎత్తు, 2 శాతం వెనక్కి ఇస్తా" అనే ఒప్పందం. ఆ 2 శాతం దేని మీద? కొట్టిన బిల్లుల మీదనా, డబ్బు వచ్చేసిన బిల్లుల మీదనా? చాలా యూనిట్లలో ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు. రాసి లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో సులువుగా దొరికే నంబరే వాడతారు. సులువుగా దొరికేది సేల్స్ రిజిస్టర్.

నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు బిల్లింగ్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినవాణ్ణి. సీఏని కాదు. కాబట్టి ఇది పన్ను సలహా కాదు, లెక్క ఎట్లా నడవాలో చెప్పే ఎపిసోడ్ అనుకోండి.

ముందు లెక్క చూద్దాం

పాశమైలారంలో ప్లాస్టిక్ డ్రమ్ములు చేసే ఒక యూనిట్ అనుకుందాం. ఉదాహరణే, ఏ కంపెనీ గురించీ కాదు. ఒక డిస్ట్రిబ్యూటర్‌కి జూలై నుంచి సెప్టెంబర్ దాకా జీఎస్టీ కాకుండా 60 లక్షల బిల్లులు కొట్టింది. స్కీమ్ 2 శాతం. అంటే 1,20,000 రూపాయలు.

ఇప్పుడు బాకీ లిస్ట్ చూద్దాం. 60 లక్షల్లో 38 లక్షల బిల్లులకే డబ్బు వచ్చింది. 22 లక్షలు ఇంకా రావాలి. డబ్బొచ్చిన బిల్లుల మీద స్కీమ్ 76,000. రాని బిల్లుల మీద 44,000. ఈ 44,000 మనం ఎవరికిస్తున్నాం? ఇంకా మన బాకీ కట్టని మనిషికి, బాకీ పెట్టినందుకు బహుమతిగా.

అక్కడితో అయిపోలేదు. ఆ 22 లక్షల మీద 18 శాతం జీఎస్టీ 3,96,000. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లయితే ఏ నెల బిల్లు మీది పన్ను ఆ తర్వాతి నెల 20వ తేదీకల్లా కట్టేయాలి. క్యాష్‌గా కట్టారో, మీ దగ్గరున్న ఐటీసీ వాడారో, మొత్తానికి కట్టేశారు. ఆ డబ్బు ఎప్పటికీ రాకపోతే? బాకీ మునిగింది, కట్టిన పన్ను వెనక్కివ్వండి అనడానికి మన జీఎస్టీలో దారి లేదు. ఈ యూనిట్ మార్జిన్ 6 శాతం అనుకుంటే మొత్తం 60 లక్షల మీద మిగిలేది 3,60,000. ముందే కట్టిన పన్ను దానికంటే ఎక్కువ. ఆ పైన మళ్లీ 44,000 చేతి నుంచి ఇస్తున్నాం.

ఇంకో సైడ్ ఎఫెక్ట్ కూడా ఉంది. స్కీమ్ బిల్లింగ్ మీద నడిస్తే మార్చి 28, 29 తేదీల్లో ఏమవుతుందో సేల్స్‌లో చేసినవాళ్లకి తెలుసు. టార్గెట్ కోసం సరుకు డీలర్ గోడౌన్‌లోకి తోసేస్తారు. డీలర్ స్లాబ్ దాటుతాడు, స్కీమ్ తీసుకుంటాడు, మే నెలలో సగం సరుకు వాపస్ పంపిస్తాడు. స్కీమ్ వసూలు మీద పెడితే ఈ ఆట ఎవరికీ గిట్టదు, దానంతటదే తగ్గిపోతుంది.

"సెటిల్ అయింది" అంటే ఏంటి?

సరే, డబ్బొచ్చిన బిల్లుల మీదే ఇద్దాం అనుకున్నారు. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. కంప్యూటర్‌లో బ్యాలెన్స్ సున్నా అయిన ప్రతి బిల్లుకీ డబ్బొచ్చినట్టు కాదు. బ్యాలెన్స్ సున్నా కాని ప్రతి బిల్లూ బాకీ ఉన్నట్టూ కాదు. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది చెక్. పోస్ట్ డేటెడ్ చెక్ చేతికి రాగానే రసీదు ఎంట్రీ వేస్తే బిల్లు క్లోజ్ అయిపోతుంది. చెక్ బౌన్స్ అయితే స్కీమ్ ఆల్రెడీ వెళ్లిపోయింది. కాబట్టి చూడాల్సింది రసీదు తేదీ కాదు, బ్యాంకులో డబ్బు పడ్డ తేదీ.

రెండోది క్రెడిట్ నోట్. 5 లక్షల బిల్లులో 2 లక్షల సరుకు వాపస్ వచ్చింది, 3 లక్షల డబ్బొచ్చింది. బిల్లు క్లోజ్. కానీ స్కీమ్ 3 లక్షల మీదే. మొండి బాకీగా రైటాఫ్ చేసినా సిస్టమ్‌లో బిల్లు క్లోజ్ అనే కనిపిస్తుంది. బిల్లు క్లోజ్ అయిందా అని మాత్రమే అడిగితే సాఫ్ట్‌వేర్ రైటాఫ్ చేసిన బిల్లుకి కూడా స్కీమ్ లెక్కగట్టి ఇస్తుంది. అడగాల్సింది దేనితో క్లోజ్ అయింది అని.

మూడోది టీడీఎస్. ఇది ఉల్టా కేసు. 2021 జూలై నుంచి 194క్యూ అని మనకి అలవాటైన రూల్ ప్రకారం, 10 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కొనుగోలుదారు ఒకే సప్లయర్ దగ్గర ఏడాదిలో 50 లక్షలు దాటి కొంటే, ఆ దాటిన దాని మీద 0.1 శాతం పట్టుకుంటాడు. 10 లక్షల బిల్లు, జీఎస్టీతో 11,80,000. మీకు వచ్చేది 11,79,000. ఆ 1,000 రూపాయలు మీ పాన్ మీద ప్రభుత్వానికి వెళ్లింది, పార్టీ ఎగ్గొట్టలేదు. కానీ టీడీఎస్ ఎంట్రీ ఆ బిల్లుకి వేయకపోతే బిల్లు ఎప్పటికీ క్లోజ్ అవదు. పద్ధతిగా కట్టినవాడికి స్కీమ్ ఆగిపోతుంది, ఫోన్‌లో గొడవ మొదలవుతుంది.

నాలుగోది బిల్ డిస్కౌంటింగ్. ట్రెడ్స్ ప్లాట్‌ఫామ్ మీద చిన్న యూనిట్ బిల్లు అమ్ముకుంటే అది వితౌట్ రికోర్స్. కొనుగోలుదారు కట్టకపోయినా ఫైనాన్షియర్ మీ మీదికి రాడు, కాబట్టి మీకు ఆ బిల్లు సెటిల్ అయినట్టే. అదే మీ బ్యాంకులో రికోర్స్‌తో డిస్కౌంట్ చేసుకుంటే అది అప్పు లాంటిది. పార్టీ కట్టేదాకా సెటిల్ కాలేదు.

ఐదోది, అన్నిటికంటే కామన్. పార్టీ తన స్కీమ్ తానే కోసుకుని మిగతాది పంపుతాడు. బిల్లుకి 2 శాతం తక్కువ వచ్చింది కాబట్టి బిల్లు క్లోజ్ కాదు. క్లోజ్ కాలేదు కాబట్టి స్కీమ్ రాదు. స్కీమ్ రాలేదు కాబట్టి కోసుకున్నా అంటాడు. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దీనికి మందు ఒకటే: బిల్లు డబ్బు పూర్తిగా రావాలి, స్కీమ్ వేరే క్రెడిట్ నోట్‌గా తర్వాతి బిల్లులో అడ్జస్ట్ చేయాలి.

జబ్బు మొదలయ్యేది ఆన్ అకౌంట్ దగ్గర

మన బెల్ట్‌లో చాలా యూనిట్లలో ఉండేది ట్యాలీ. అందులో బిల్ వైజ్ వివరాలు ఆన్ చేస్తే రసీదు వేసేటప్పుడు ఈ డబ్బు దేనికి అని అడుగుతుంది: అడ్వాన్స్, అగెనెస్ట్ రెఫరెన్స్, న్యూ రెఫరెన్స్, ఆన్ అకౌంట్. పార్టీ ఆర్టీజీఎస్‌లో రౌండ్‌గా 10 లక్షలు వేశాడు. ఏ బిల్లుకో చెప్పలేదు. అకౌంటెంట్‌కి టైమ్ లేదు, ఆన్ అకౌంట్ కొట్టేశాడు. లెడ్జర్ బ్యాలెన్స్ కరెక్టే. కానీ ఏ బిల్లు తీరిందో ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఇక సెటిల్ అయిన బిల్లుల మీద స్కీమ్ అన్న మాటకి అర్థమే లేదు.

ఇక్కడ చట్టం కూడా ఒక వరస చెప్తుంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్‌లో 59, 60, 61 సెక్షన్లు. కట్టేవాడు ఏ బాకీకో చెప్తే, దాన్ని మీరు తీసుకుంటే, ఆ బాకీకే వేయాలి. చెప్పకపోతే మీరు ఎంచుకోవచ్చు. ఇద్దరూ ఏమీ అనకపోతే పాత బాకీ ముందు తీరుతుంది. అందుకే స్కీమ్ లెటర్‌లో ఒక లైన్ పెట్టండి: పేమెంట్‌తో బిల్లుల లిస్ట్ పంపకపోతే పాత బిల్లు నుంచి వేస్తాం అని. లిస్ట్ పంపి కొత్త బిల్లులు మాత్రమే కట్టి పాతవి పక్కన పెట్టే పార్టీలూ ఉంటారు. వాళ్లకోసం ఇంకో లైన్: గడువు దాటి 90 రోజులైన బిల్లు ఒక్కటి ఉన్నా, అది తీరేదాకా స్కీమ్ మొత్తం హోల్డ్.

పెద్ద కంపెనీల ఎస్ఏపీలో కూడా కథ దాదాపు ఇంతే. పాత రిబేట్ అగ్రిమెంట్ బిల్లింగ్ డాక్యుమెంట్‌ని చూసి లెక్క కూడబెడుతుంది. డబ్బొచ్చిందా లేదా అన్న సమాచారం ఫైనాన్స్ వైపు క్లియరింగ్ ఎంట్రీలో ఉంటుంది. ఆ రెండిటినీ కలిపే పని ఎవరో ఒకరు చేయాలి.

సాఫ్ట్‌వేర్‌కి ఏం చెప్పాలి?

మీరు ఎక్సెల్‌లో చేసినా, ఈఆర్పీలో రాయించుకున్నా, మూడు లిస్టులు కావాలి. బిల్లుల లిస్ట్, రసీదుల లిస్ట్, ఏ రసీదులో ఎంత ఏ బిల్లుకి వెళ్లిందో చెప్పే మూడో లిస్ట్. అసలు ప్రాణం మూడోదానిలో ఉంది. ఒక బిల్లుకి స్కీమ్ ఇవ్వాలంటే ఐదు ప్రశ్నలకి అవును అని రావాలి.

ఒకటి, బిల్లు బ్యాలెన్స్ సున్నానా? రెండు, బ్యాంకు డబ్బుతో, టీడీఎస్‌తో తీరిన భాగం ఎంతో విడిగా తెలుసా? ఆ భాగంలోంచి జీఎస్టీ తీసేసిన విలువ మీదే స్కీమ్. మూడు, డబ్బు గడువులోపల పడిందా? నాలుగు, ఈ పార్టీకి పాత బాకీ హోల్డ్ ఏమీ లేదా? ఐదు, ఈ బిల్లుకి ఇంతకుముందు స్కీమ్ ఇవ్వలేదు కదా?

ఐదోది లేకపోతే ఏమవుతుందంటే, సెప్టెంబర్ బిల్లు అక్టోబర్‌లో తీరుతుంది, రెండు క్వార్టర్ల లెక్కలోనూ వస్తుంది, రెండుసార్లు పోతుంది. అందుకే బిల్లు పక్కన స్కీమ్ క్రెడిట్ నోట్ నంబర్ రాసి పెట్టండి. తర్వాత చెక్ బౌన్స్ అయినా, సరుకు వాపస్ వచ్చినా ఆ నంబర్ పట్టుకుని వెనక్కి తీసుకోవచ్చు.

ఇంకో మాట. స్లాబ్ దాటాడా అనేది ఒక ప్రశ్న, డబ్బు ఎంతివ్వాలి అనేది ఇంకో ప్రశ్న. నా సలహా: స్లాబ్‌ని వాపస్‌లు తీసేసిన బిల్లింగ్ మీద చూడండి, చెల్లింపు మాత్రం వసూలైన బిల్లుల మీద చేయండి. మన ఉదాహరణలో 60 లక్షలకి స్లాబ్ దాటాడు, 76,000 ఇప్పుడు ఇస్తాం. మిగతా 44,000 పుస్తకాల్లో ప్రొవిజన్‌గా పెట్టుకుంటాం, బిల్లులు తీరేకొద్దీ ఇస్తాం. డీలర్‌కి అన్యాయం లేదు, మనకి నష్టం లేదు.

జీఎస్టీతో ఎక్కడ కలుస్తుంది?

అమ్మకం తర్వాత ఇచ్చే డిస్కౌంట్‌కి పన్ను తగ్గాలంటే సీజీఎస్టీ చట్టం సెక్షన్ 15(3)లో షరతులున్నాయి: ఒప్పందం అమ్మకానికి ముందే లేదా అప్పటికే ఉండాలి, డిస్కౌంట్ ఏ బిల్లులదో లింక్ ఉండాలి, కొన్నవాడు ఆ మేరకు ఐటీసీ వెనక్కివ్వాలి. ఈ ఒప్పందం, లింక్ షరతులు తీసేయాలని 2025 సెప్టెంబర్ 3న 56వ జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు చేసింది. మీ బిల్లు తేదీకి ఏ రూల్ వర్తిస్తుందో మీ సీఏతో చూసుకోండి. రూల్ ఏదైనా, పైన చెప్పిన మూడో లిస్ట్ ఉన్నవాడికి బిల్లుల లింక్ రెడీగా ఉన్నట్టే.

గడువు మర్చిపోవద్దు. సెక్షన్ 34 ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరం బిల్లులకి పన్ను తగ్గించే క్రెడిట్ నోట్‌ని తర్వాతి నవంబర్ 30 లోపు, లేదా వార్షిక రిటర్న్ అంతకుముందే వేస్తే ఆ తేదీలోపు చూపించాలి. పార్టీ డబ్బు ఆ తర్వాత కడితే పన్ను లేని కమర్షియల్ క్రెడిట్ నోట్ ఇవ్వొచ్చు, 2019 మార్చి 7 నాటి 92వ సర్క్యులర్ దీన్ని ఒప్పుకుంది. కానీ పన్ను మాత్రం మీకు తగ్గదు.

పార్టీతో మాట్లాడేటప్పుడు పనికొచ్చే పాయింట్ ఒకటి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కి కట్టకపోతే, కొన్నవాడు తాను వాడుకున్న ఐటీసీని వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. "అన్నా, నా స్కీమ్ ఒక్కటే కాదు, మీ ఐటీసీ కూడా పోతది" అని మర్యాదగా చెప్పండి. చాలాసార్లు ఆ మాటకి డబ్బు కదులుతుంది.

ఈ వారం చేయాల్సిన పని

కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. మీ ట్యాలీలో ఆన్ అకౌంట్‌లో ఎంత డబ్బు ఉందో పార్టీ వారీగా ఒక ప్రింట్ తీయండి. తర్వాత పోయిన క్వార్టర్‌లో ఇచ్చిన స్కీమ్ లిస్ట్ పక్కన ఇవాళ్టి బాకీ లిస్ట్ పెట్టండి. రెండిట్లోనూ ఉన్న బిల్లులకి టిక్ కొట్టండి. టిక్ పడిన బిల్లుల మీద ఇచ్చిన స్కీమ్ అంతా డబ్బు రాకముందే మీ చేతి నుంచి వెళ్లింది. ఆ మొత్తం ఎంతో చూశాక, వచ్చే క్వార్టర్ స్కీమ్ లెటర్‌లో "పూర్తిగా సెటిల్ అయిన బిల్లుల మీద మాత్రమే" అన్న ఆరు మాటలు పెట్టించండి. సేల్స్ వాళ్లు ఒప్పుకోకపోతే ఆ ప్రింట్ చూపించండి.

మీ యూనిట్‌లో స్కీమ్ ఎట్లా లెక్కేస్తున్నారో కామెంట్‌లో రాయండి, పార్టీ పేర్లు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో ఎక్సెల్‌లో ఆ మూడో లిస్ట్ ఎట్లా తయారు చేయాలో స్క్రీన్ మీద చేసి చూపిస్తా. అప్పటిదాకా సెలవు.