ఆట వదిలి జైలు గేటు దగ్గర నిలబడ్డ ఆడబిడ్డ

మా మనవరాలు ఎనిమిదో తరగతి. బడిలో ఖోఖో ఆడుతది. మొన్న ఒకరోజు సాయంత్రం ఫోను నా చేతిలో పెట్టి, "తాతా, ఇది చూడు. ఈమె ఎందుకు ఇట్ల కూలబడ్డది?" అని అడిగింది. అందులో ఒక జైలు కనబడుతున్నది. లోపలినుంచి ఒక నల్లజాతి మనిషి నడిచి వస్తున్నడు. బయట కొంతమంది ఎదురుచూస్తున్నరు. ఆయన కనబడంగనే వాళ్లలో ఒక పొడుగాటి ఆమె మోకాళ్ల మీద కూలబడ్డది.

"ఆమె పేరు మాయా మూర్, తాతా. అమెరికాలో పెద్ద బాస్కెట్‌బాల్ ప్లేయర్. ఆయనను విడిపించడానికి ఆట బంద్ చేసింది" అన్నది మనవరాలు.

నాకు బాస్కెట్‌బాల్ తెలియదు. నేను చదివింది నాలుగో తరగతి, చేసింది షోలాపూర్‌లో మిల్లు పని. అయినా ఆమె కథ అంతా మనవరాలితో చదివించుకుని విన్న. మన ఇళ్లలో కూడా అందరూ తెలుసుకోవాలె అనిపించి రాస్తున్న.

మాయా మూర్ 1989లో మిస్సోరీ రాష్ట్రంలో జెఫర్సన్ సిటీ అనే ఊర్లో పుట్టింది. 2011లో మినెసోటా లింక్స్ అనే జట్టులో చేరింది. ఆ జట్టు 2011, 2013, 2015, 2017లో, అంటే నాలుగు సార్లు, ఆ దేశపు ఆడవాళ్ల లీగు గెలిచింది. 2014లో లీగు మొత్తంలో ఉత్తమ క్రీడాకారిణి ఆమెనే. 2012, 2016 ఒలింపిక్స్‌లలో అమెరికా జట్టుతో బంగారు పతకాలు తెచ్చింది. ఇంత పేరు, ఇంత సంపాదన ఉన్న మనిషి 2019 ఫిబ్రవరిలో, 29 ఏళ్ల వయసులో, ఈ ఏడాది నేను ఆడను అని చెప్పింది. మరుసటి ఏడాది కూడా ఆడలేదు. ఒలింపిక్స్ కూడా వద్దనుకున్నది.

సాంచా మీద పని చేసినవాళ్లకు ఇది అర్థమైతది. చేతిలో పస ఉన్నప్పుడే నాలుగు మీటర్లు ఎక్కువ నేస్తం. ఆటగాళ్లకు ఆ వయసు ఇంకా తక్కువ. పోయిన ఏండ్లు మళ్లీ రావు. అవి ఆమె ఎవరి కోసం ఇచ్చిందో వినండి.

ఆయన పేరు జొనాథన్ ఐరన్స్. 1997 జనవరిలో మిస్సోరీలో ఒక ఇంట్లో దొంగ పడ్డడు. ఇంటాయన అప్పుడే ఇంటికి వచ్చిండు. దొంగ ఆయన మీద కాల్పులు జరిపిండు. దెబ్బలు తగిలినా ఇంటాయన బతికిండు. పోలీసులు జొనాథన్‌ను పట్టుకున్నరు. అప్పుడు అతనికి 16 ఏళ్లు, బీద ఇంటి నల్లజాతి పిల్లవాడు. పిల్లవాడని చూడకుండా పెద్దవాళ్ల లెక్కనే విచారణ చేశారు. అక్కడ జ్యూరీ అని ఉంటది. మామూలు జనంలోంచి పన్నెండు మందిని కూర్చోబెట్టి, తప్పు చేసిండా లేదా అన్నది వాళ్లనే తేల్చమంటరు. ఆ పన్నెండు మందీ తెల్లవాళ్లే. 1998లో శిక్ష పడ్డది. 50 ఏళ్లు!

సాక్ష్యం ఏముందంటే, ఇంటాయన ఈ పిల్లవాణ్ని గుర్తుపట్టిండు. తప్పు ఒప్పుకున్నడని ఒక పోలీసు అధికారి చెప్పిండు. నేను ఒప్పుకోలేదని జొనాథన్ అన్నడు. ఆ మాటలకు రికార్డింగు లేదు. అతని రక్తం గాని, వేలిముద్ర గాని ఆ ఇంట్లో దొరకలేదు.

మాయా ఇంటి పెద్దలు జైలుకు పోయి ఖైదీలను పలకరించేవాళ్లు. అక్కడనే జొనాథన్ పరిచయం అయ్యిండు. అతని కేసు కాగితాలు పట్టుకుని వాళ్లు ఏండ్ల తరబడి చదివిన్రు. 2007లో, కాలేజీకి పోకముందు, 18 ఏళ్ల మాయా వాళ్లతో జైలుకు పోయి అతన్ని మొదటిసారి చూసింది. కాబట్టి ఈ పని ఒక్క ఆటగత్తె ఒక్క రోజులో చేసింది కాదు. పేరు లేని పెద్దలు ముందు నడిచిన్రు, ఆమె తర్వాత భుజం పట్టింది. ఆమె పట్టుకున్న తర్వాత నలుగురి కళ్లు ఆ కేసు మీద పడ్డయి. మంచి వకీళ్లు నిలబడ్డరు.

ఆమె ధైర్యం అంతకుముందే తెలిసింది. 2016లో పోలీసుల తుపాకులకు ఇద్దరు నల్లజాతి మగవాళ్లు చచ్చిపోతే, ఆమె జట్టు న్యాయం కావాలని రాసిన నల్ల అంగీలు వేసుకుని ఆటకు వచ్చింది. ఆ అంగీల మీద, అదే వారం డల్లాస్‌లో చనిపోయిన పోలీసుల కోసం ఆ ఊరి పోలీసు గుర్తు కూడా వేయించిన్రు. అయినా కోపం వచ్చి, ఆ మ్యాచుకు కాపలా ఉన్న నలుగురు పోలీసులు పని విడిచి పోయిన్రు.

కేసు చివరికి ఒక వేలిముద్ర దగ్గర తేలింది. ఆ ఇంటి తలుపు మీద దొరికిన ఒక ముద్ర ఇంటాయనది కాదు, జొనాథన్‌ది కూడా కాదు. ఆ రిపోర్టు అప్పట్లో అతని వకీలుకు ఇయ్యనే లేదు. 2020 మార్చిలో జడ్జి ఆ శిక్షను కొట్టేసిండు. అయినా వెంటనే విడువలేదు. సర్కారు పై కోర్టులకు పోయింది, అక్కడా ఓడింది. మళ్లీ విచారణ జరపబోమని సర్కారు వకీలు చెప్పిన తర్వాత, 2020 జులై 1న బయటికి వచ్చిండు. లోపల 23 ఏళ్లు గడిచినయి. మాయా అంగీ మీద నంబరు కూడా 23.

తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నరు, కొడుకు పుట్టిండు. 2023లో ఆమె ఆటకు పూర్తిగా సెలవు చెప్పింది. ప్రేమ కోసమే చేసింది, ఇందులో గొప్ప ఏముంది అని కొందరు అంటరేమో. 2007లో ఆమె పోయింది ఒక ఖైదీని పలకరించడానికి. ప్రేమ ఆ తర్వాత వచ్చింది. విన్ విత్ జస్టిస్ అని సంస్థ పెట్టి, సర్కారు వకీళ్లు న్యాయంగా నడుచుకోవాలని జనానికి చెప్తూ వచ్చింది. ఆట విడిచిపెట్టినా ఆటవాళ్లు ఆమెను మరువలేదు. 2025లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు ఇచ్చిన్రు.

ఇదంతా విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్తాను. చాలా ఏండ్ల కింద, నేను రాత్రి పాళిలో ఉన్నప్పుడు, గోదాంలో నూలు కట్టలు పోయినయి. నా పక్క సాంచా మీద పని చేసే పిల్లవాణ్ని పట్టుకున్నరు. ఆ రాత్రంతా వాడు నా కండ్ల ముందే ఉన్నడు. చాయ్ కూడా ఇద్దరం కలిసే తాగినం. నేను పోయి ఆ మాట చెప్తే సరిపోయేది. పని పోతదని భయపడ్డ. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఊకున్న. వాడు కొన్ని నెలలు లోపల ఉండి, సాక్ష్యం లేదని బయటికి వచ్చిండు. అప్పటికే మస్టరులో వాని పేరు కొట్టేసిన్రు. తల్లిని తీసుకుని భివండీ పోయిండని విన్న. మళ్లీ చూడలేదు. ఆమె దాదాపు పదమూడు ఏండ్లు ఒక మనిషిని విడువలేదు, నేను పది నిమిషాలు పోలీసు ఠాణా దాకా నడువలేదు.

మనకు ఆమె పేరు లేదు, పైసలు లేవు. కాని మన దేశంలో 1987లో చేసిన ఒక చట్టం ఉన్నది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్లకు, మన తీరు కార్ఖానా కార్మికులకు వకీలును ఫుకట్‌గా ఇయ్యాలె. వీళ్లకు జీతం ఎంత అన్న లెక్క లేదు. ప్రతి జిల్లా కోర్టులో దీనికి ఆఫీసు ఉంటది. మన దగ్గర బోర్డు మీద మరాఠీలో విధి సేవా ప్రాధికరణ్ అని రాసి ఉంటది. ఫోను నంబరు 15100. ఈ సంగతి నా వయసులో నాకు ఎవరూ చెప్పలేదు.

మీ గల్లీలో పిల్లవాడు ఎవడన్నా లోపల ఉంటే ములాఖత్‌కు పోండి. కేసు కాగితాలు తెచ్చి చదువు వచ్చినవాళ్లతో చదివించండి. ఆ రోజు వాడు ఎక్కడ ఉన్నడో మీకు తెలిస్తే పోయి చెప్పండి.

"తాతా, ఆమె ఆడుతూ ఉంటే ఇంకా ఎన్ని కప్పులు గెలిచేదో" అన్నది మనవరాలు. గెలిచేదే బిడ్డా అన్న. తర్వాత ఆ నూలు కట్టల సంగతి దానికి చెప్పిన. ఇంట్లో ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు.